పంతుళ్ళు నేర్చుకున్న పాఠాలు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరారు. మన సంఘంలో నాబోటి గుమాస్తాలు ఎంతమంది ఉన్నారో, బడిపంతుళ్ళుగా చేసి రిటైరైనవారూ ఇంచుమించు అంతమందే ఉన్నారు. అందుచేత ఇరువురికీ పనికివచ్చే విషయం ఎంచుకున్నాను.

ట్రైనింగు కాలేజీలలో చదివేవారిని మన పాత పుస్తకాలలో ఛాత్రోపాధ్యాయులు అని రాసేవారు. ఛాత్రుడు అంటే శిష్యుడు. అంటే శిష్యుడూ తానే, ఉపాధ్యాయుడూ తానే. అటువంటి మనిషి మొట్టమొదటిసారి నలభై మంది పిల్లల ముందు నిలబడినప్పుడు అతనికి పాఠం సంగతి తరువాత, ముందు వీళ్ళను కూర్చోబెట్టేదెలా అన్న భయం పట్టుకుంటుంది. క్లాసును అదుపులో పెట్టడం ఒక విద్య, పాఠం చెప్పడం ఇంకొక విద్య అని అతను అనుకుంటాడు. ఆ రెండూ ఒకటేనని, అర్థంకాని చోటనే అల్లరి పుడుతుందని మన దేశంలో గ్రహించడానికి చాలా కాలం పట్టింది. దానికి కాగితాల మీద దాఖలాలు ఉన్నాయి.

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్‌లో ఒక ఉత్తరువు వేశాడు. ప్రతి జిల్లాలో బడులు ఎన్ని, చదివే పిల్లలు ఎందరు, ఏ కులం వారు, ఏమి చదువుతున్నారు, లెక్క తీసి పంపమని కలెక్టర్లను అడిగాడు. వచ్చిన జవాబులలో చాలావరకు అంకెల పట్టీలే. ఒక్క బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టు 17 తేదీన బడి లోపల ఏం జరుగుతుందో కూడా రాసి పంపాడు. ఆయన అంతకుముందే, 1816లో, తెలుగు వ్యాకరణం ఒకటి ఇంగ్లీషులో అచ్చువేసినవాడు. భాష తెలిసినవాడు కాబట్టి చెవిపెట్టి విన్నాడు. అప్పటి బళ్ళారి జిల్లా అంటే ఇవాళ్టి బళ్ళారి ఒక్కటే కాదు. 1882 వరకు అనంతపురం కూడా అందులోనిదే.

ఆయన లెక్క ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533. అందులో కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారసీ 21, తమిళం 4, ఇంగ్లీషు 1. పిల్లలు 6,641 మంది. వెయ్యికి ఏడుగురు చొప్పున. ఆడపిల్లలు మొత్తం జిల్లాకు 60 మంది. (ఈ అంకెలు కూడిచూశాను, సరిపోయాయి. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! ఊరూరా పిల్లలను లెక్కబెట్టి పట్టీలు కట్టిన కింది ఉద్యోగుల పేర్లు మాత్రం చరిత్రలో ఎవరూ చెప్పుకోరు. అది మనకు కొత్తా?)

కాంప్‌బెల్ రాసినదాని సారాంశం ఇది. పిల్లవాడికి అయిదో ఏట విఘ్నేశ్వర పూజ చేసి, బియ్యంలో వేలితో అక్షరాలు దిద్దించి బడిలో వేస్తారు. తెల్లవారి ఆరు గంటలకు బడి. అందరికంటె ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న చుడతారు, అతనికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటీ ఎక్కువ. మన పెద్దలు శ్రీ, చుక్క, దెబ్బ అని చెప్పుకునేది ఇదే. చదవనివాడికి బెత్తం ఉండనే ఉంది. చేతులు రెండూ కట్టి దూలానికి వేలాడదీయడం, ఆపకుండా గుంజిళ్ళు తీయించడం కూడా ఆ నివేదికలో ఉన్నాయి. దూలానికి కట్టడాన్నే మనవాళ్ళు కోదండం అన్నారు. మా ఈడువారికి గుంజిళ్ళు, గోడకుర్చీ, తొడపాశం స్వయంగా తెలుసు. కోదండం తాతల నోట విన్నదే.

ఇంతవరకు చదివి మన వీధిబడులు మోటువని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అదే నివేదికలో ఆయన ఒక పద్ధతిని తెగ మెచ్చుకున్నాడు. ముందు నేర్చుకున్న పిల్లవాడు వెనకవాడికి చెబుతాడు, ఇసుకలో రాస్తారు గనుక కాగితం ఖర్చు లేదు, చెప్పేవాడికి తన పాఠం కూడా గట్టిపడుతుంది. ఇంగ్లండువారు దీన్ని తీసుకుపోయి వాడుకున్నారంటే అందులో న్యాయం ఉందన్నాడు.

ఆ తీసుకుపోయిన పెద్దమనిషి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు. 1787లో మద్రాసు వచ్చి, 1789 నుంచి ఎగ్మూరులోని మగపిల్లల అనాథ శరణాలయానికి పెద్దగా ఉన్నాడు. అక్కడి పంతుళ్ళతో ఆయనకు పొసగలేదు. ఒకరోజు దారిలో ఒక వీధిబడి పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూసి, మన బడిలోనూ ఇలాగే చెయ్యండి అని తన పంతుళ్ళతో అన్నాడు. వల్లకాదన్నారు వారు. సరేనని జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రవాడికి చిన్నపిల్లల క్లాసు అప్పగించాడు. పెద్ద పంతులుకు చాతకానిది ఆ కుర్రవాడికి చాతనైంది. 1796లో బెల్ స్వదేశం వెళ్ళి, మరుసటి ఏడు లండన్‌లో ఈ ప్రయోగం మీద పుస్తకం వేశాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు స్థిరపడింది. ఆయన చనిపోయాక 1832లో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో పాతిపెట్టారు. ఇసుకలో దిద్దించిన మన వీధిబడి పంతులు పేరు ఎవరికీ తెలియదు.

ఛాత్రోపాధ్యాయుడికి బెల్ నుంచి పనికివచ్చే మాట ఒకటుంది. చేతిలో పని ఉన్న పిల్లవాడు అల్లరి చేయడు. క్లాసులో కొందరు చదువుతూ కొందరు ఊరికే కూర్చుంటే ఆ ఊరికే కూర్చున్నవారే పంతులుకు శత్రువులవుతారు. ఇవాళ్టికీ అయిదు తరగతులకు ఒక్కరే పంతులున్న ఏకోపాధ్యాయ పాఠశాలలో పని నడిచేది ఇలాగే. అయిదో తరగతి పిల్ల ఒకటో తరగతి వాడి పలక మీద చెయ్యి పట్టి దిద్దిస్తుంటే పంతులమ్మ మూడో తరగతి లెక్కలు చూసుకుంటుంది.

అయితే ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఎనిమిదేళ్ళవాడు అక్షరాలు దిద్దించగలడు, ఎక్కాలు ఒప్పజెప్పించుకోగలడు, అర్థం చెప్పలేడు. ఇంగ్లండులో బెల్‌కు పోటీగా బయలుదేరిన జోసెఫ్ లాంకాస్టర్ ఒక్క హాలులో వందలమంది పిల్లలను వరసలు తీర్చి కూర్చోబెట్టాడు. బెత్తం ఆయనకు గిట్టదు. దానికి బదులు తప్పు చేసినవాడిని బుట్టలో కూర్చోబెట్టి కప్పుకు వేలాడదీసి నలుగురిచేత నవ్వించేవాడు. అటూ ఇటూ చూస్తే మన కోదండానికి చుట్టమే.

అర్థం సంగతి కనిపెట్టినవారు మనలోనూ ఉన్నారు. వెన్నెలకంటి సుబ్బారావు గారు ఒంగోలు ప్రాంతం నుంచి వచ్చి కుంపినీ కొలువులో పైకి వచ్చినవారు. మద్రాసు సదరు అదాలతు కోర్టులో దుబాసీగా చేశారు. మన కోవలోని సర్కారు ఉద్యోగి అన్నమాట. ఆయన 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి ఇచ్చిన నివేదికలో, బడిపిల్లలు పద్యాలు వల్లెవేస్తున్నారే గాని వాటి అర్థం తెలుసుకోవడం లేదని మొరపెట్టుకున్నారు. మూడేళ్ళ తరువాత కాంప్‌బెల్ కూడా ఇదే రాశాడు. బడిలో పుస్తకాల భాష వేరు, ఇంట్లోనూ కచేరీలోనూ మాట్లాడే భాష వేరు. లిపి ఒకటే కాబట్టి పిల్లవాడు చదవగలడు, గ్రహించలేడు. మన బడులకున్న పెద్ద లోపాలలో ఒకటి ఇటువంటి పుస్తకాలు, రెండోది తగిన పంతుళ్ళు లేకపోవడం అని తేల్చాడు.

దెబ్బల పట్టీని ఈ మాట పక్కన పెట్టి చదవాలి. తనకు తెలియని భాషలో పొద్దున ఆరు నుంచి వల్లెవేస్తూ కూర్చోవలసిన పిల్లవాడిని దెబ్బ లేకుండా కూర్చోబెట్టడం ఎవరితరం? ఆ పంతులు క్రూరుడై కొట్టాడని నేను అనుకోను. అతని చేతికి వేరే పనిముట్టు ఎవరూ ఇవ్వలేదు.

మన్రో 1826 మార్చి 10 తేదీన రాసిన మినిట్‌లో పంతులు రాబడి నెలకు ఆరేడు రూపాయలకు మించడం లేదని, ఆ డబ్బుకు చదువుకున్నవాడు రాడని ఒప్పుకున్నాడు. జిల్లాకు రెండేసి చొప్పున 40 కలెక్టరేటు బడులు, 300 తహసీల్దారీ బడులు పెట్టాలని, మొదటివాటిలో పంతులుకు నెలకు 15 రూపాయలు, రెండోవాటిలో 9 రూపాయలు ఇవ్వాలని, పంతుళ్ళకు మద్రాసులో తర్ఫీదు ఇప్పించాలని ఏర్పాటు. మరుసటి ఏడు, 1827 జూలైలో, పత్తికొండలో కలరా తగిలి ఆయన చనిపోయాడు. ఆయన ఉంటే ఎలా ఉండేదో గాని, ఆ బడులు సరిగా వేళ్ళూనక ముందే 1836 నాటికి ఎత్తేశారు. చివరికి 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు వచ్చింది. తరువాతి కాలంలో సైదాపేట ట్రైనింగు కాలేజీగా పేరుపడినది అదే. మన జిల్లాల నుంచి కూడా ఎల్.టి. చదవడానికి అక్కడికే పోయేవారు. ఆ తరువాత రాజమండ్రికీ ట్రైనింగు కాలేజీ వచ్చింది.

ఈ కాలేజీలలో ఏం నేర్పేవారు? మాదిరి పాఠశాలలో పాఠం చెప్పాలి. వెనక బెంచీలో లెక్చరరు, తోటి విద్యార్థులు కూర్చుని తప్పులు రాసుకుంటారు. పాఠానికి పథకం రాయాలి. జర్మనీ దేశపు హెర్బార్టు పేరిట ఆయన శిష్యులు ఏర్పరచిన అయిదు సోపానాల ప్రకారం సన్నాహం, ప్రదర్శనం, పోల్చడం, సూత్రీకరణ, వినియోగం వరసగా ఉండాలి. పద్ధతిలో తప్పు లేదు. పిల్లవాడికి ముందే తెలిసినదానితో మొదలుపెట్టమని హెర్బార్టు చెప్పిన సంగతి గట్టిది. కాని మన బడులలో ఆ మొదటి మెట్టు మీదనే కాలుజారేది. పిల్లవాడికి ముందే తెలిసినది అతని ఇంటిభాష. పాఠం దానితో మొదలుకాదు. తెలుగు వాచకం తెరిచి, ఒక వాక్యం చదివి, దానికి మళ్ళీ తెలుగులో అర్థం చెప్పవలసి వచ్చేది.

ఈ చిక్కు అడిగేసినవాడు జె.ఎ. యేట్స్ అనే దొర. 1906-07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటూ బడులు తనిఖీ చేస్తూ, జనం మాట్లాడేది ఒకటి, పుస్తకంలో ఉన్నది ఒకటి, ఎందుకిలా అని అడిగాడు. విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు ఇద్దరు, విజయనగరంలో గురజాడ అప్పారావు గారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు అన్నారట. వాడుక భాషా ఉద్యమం అలా మొదలైంది. దాన్ని మనం కవుల తగాదాగా, పండితుల తగాదాగా చెప్పుకుంటాం. మొదట పుట్టింది చిన్న తరగతుల బల్లల మధ్యనే.

గిడుగు వారిని గురించి కొంచెం విస్తరించి చెప్పక తప్పదు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. చుట్టుపక్కల కొండలలో సవరలు ఉన్నారు. వారి భాష తెలుగుకు గాని ఒరియాకు గాని చుట్టం కాదు, ముండా కుటుంబానికి చెందినది. వారికి చదువు చెప్పాలని ఈయనకు బుద్ధి పుట్టింది. మామూలుగా అయితే వారికి తెలుగు నేర్పి, ఆ పైన చదువు చెప్పాలి. ఈయన తిరగవేశారు. సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని తానే శిష్యుడై ఆ భాష నేర్చుకున్నారు. ఏళ్ళు పట్టింది. కొండలు తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి క్వినైను మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు. సవరలో వాచకాలు, పాటలు, కథలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్ళకు జీతాలిచ్చారు. ప్రభుత్వం పుస్తకాలకు పారితోషికం ఇవ్వబోతే, అది వద్దు, ఆ డబ్బుతో బడి పెట్టండి, నా బడులకు గ్రాంటు ఇవ్వండి అని అడిగారని చెబుతారు. 1913లో రావు బహద్దూరు బిరుదు ఇచ్చారు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

ట్రైనింగు కాలేజీలో కూర్చునే పిల్లలకు నన్ను ఏదైనా ఒక్క మనిషి చరిత్ర చెప్పమంటే ఈయనదే చెబుతాను. పిల్లవాడు పంతులు మాట వినాలని అందరూ అంటారు. పంతులు పిల్లవాడి మాట వినాలని చేసి చూపినవాడు ఈయన. అదీ చెవులు పోగొట్టుకుని.

1911లో ఉద్యోగం విరమించి వాడుక భాష పనిలో పూర్తిగా దిగారు. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసాన్ని కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని రాయవచ్చునని జీవో వచ్చింది. ఆధునిక భాషకు మచ్చుగా బ్రౌను దొర రీడరును, ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్రను చూపారు. పండితులు జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వాన గట్టిగా ఎదురుతిరిగారు. ఆ వెసులుబాటు నిలవలేదు. ఆ వాదోపవాదాలలోకి నేను పోను. ఇరుపక్షాలా మహానుభావులున్నారు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపిన 1936లో గిడుగు వారు ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు, 1940 జనవరి 22న కాలం చేశారు. బడి వాచకాలలోకి వాడుక తెలుగు రావడం వారు చూడలేదు. స్వాతంత్ర్యం వచ్చిన చాలా ఏళ్ళకుగాని అది జరగలేదు.

మన సభ్యులలో 1980, 90లలో పనిచేసిన పంతుళ్ళకు అప్పెప్ గుర్తుండాలి. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో 1984లో కొద్ది బడులలో మొదలై తరువాత రాష్ట్రమంతటా పాకింది. దానికి ఆరు సూత్రాలు. పిల్లల చేత పని చేయించడం, ఒక్కొక్కరుగా, జట్లుగా, క్లాసంతా కలిసి నేర్చుకోవడం, పిల్లవాడికీ పిల్లవాడికీ ఉండే తేడాను గమనించడం, ఊళ్ళో ఉన్న వస్తువులనే వాడుకోవడం, పిల్లలు చేసినవి గోడలకు తగిలించడం వగైరా. పిల్లలను గుండ్రంగా కూర్చోబెడితే క్లాసులో సందడి పెరిగింది. హెడ్మాష్టర్లు కొందరు దాన్ని అల్లరి అన్నారు. పని చేసే సందడికీ, పనిలేని అల్లరికీ భేదం చెవితోనే చెప్పగలగడం పంతులు నేర్చుకోవలసిన వాటిలో ఒకటి. అది ఏ పుస్తకం చదివితే రాదు. 1988 నుంచి జిల్లాకొక డైట్ కాలేజీ రావడం మొదలైంది. బి.ఇడి.లో రెండు మెథడ్లకూ కలిపి నలభై పాఠాలు చెప్పడం చాలాకాలం ఆనవాయితీ. 2014 నిబంధనలతో కోర్సు రెండేళ్ళయింది, బడిలో ఇంటర్న్‌షిప్ ఇరవై వారాలయింది. ఇది మంచి మార్పు. నలభై పాఠాలలో నటించవచ్చు, ఇరవై వారాలు నటించడం కష్టం.

బెత్తాన్ని చట్టం తీసేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టకూడదు, మనసు నొప్పించే శిక్షలూ వేయకూడదు అంటుంది. అదే చట్టం 29వ సెక్షను, వీలైనంతవరకు బోధన పిల్లవాడి మాతృభాషలో ఉండాలంటుంది. పన్నెండు సెక్షన్ల ఎడమ ఉన్నా ఈ రెండూ జంట సెక్షన్లని నా అభిప్రాయం. మొదటిదాన్ని అమలుచేసి రెండోదాన్ని మరిచిపోతే పంతులు చేతిలో బెత్తమూ ఉండదు, దానికి బదులైనదీ ఉండదు.

మా బంధువుల అమ్మాయి ఒకతె రెండేళ్ళ క్రితం కర్నూలు వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో ఇంటర్న్‌షిప్ చేసింది. నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు పక్కవాళ్ళను గిల్లడం, పలకరిస్తే తల వంచుకోవడం. తండా పిల్లవాడు, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఈ మధ్య ఆంధ్రప్రదేశ్‌లో వాచకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా అచ్చువేస్తున్నారు. ఆ పిల్లవాడి ఇంటిభాష ఆ పేజీలోనూ లేదు, ఈ పేజీలోనూ లేదు. లెక్క చదవలేక కూర్చున్నాడు, ఊరికే కూర్చోలేక గిల్లాడు. ఈ అమ్మాయి పుస్తకం మూసి, మీ ఇంట్లో మేకలు ఎన్ని, నాలుగు అమ్మితే ఎన్ని మిగులుతాయి అని నోటితో అడిగిందట. చప్పున చెప్పాడు. లంబాడీలో అంకెలు ఎలా అంటారో చెప్పమని మరునాడు బోర్డు దగ్గరకు పిలిచింది. క్లాసంతా అతని వెంట పలికారు. అల్లరి మానేశాడని ఆమె చెప్పలేదు. గిల్లడం తగ్గిందంది, లెక్క చదవడం మాత్రం ఆమె వచ్చేసేనాటికి ఇంకా రాలేదంది. అందుకు ఆమె బాధపడింది.

మీడియం గొడవ ఇక్కడ తలకెత్తుకోను. 2019 నవంబరులో 81వ నంబరు జీవోతో బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేయబోవడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేయడం అందరికీ తెలుసు. ఇంగ్లీషు కావాలని తల్లిదండ్రులు కోరడంలో తప్పు లేదు, మన మనుమలకు మనమూ అదే కోరాం. కాని ఏ మీడియం అయినా పిల్లవాడి ఇంటిభాషను బడి గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచి రమ్మంటే క్లాసు నిలవదు.

గిడుగు వారి పని ఊరికే పోలేదు. 2004 ప్రాంతంలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్య మొదలుపెట్టారు. కోయ, గోండి, కొలామి, కువి, కొండ, లంబాడీ, ఆదివాసీ ఒరియా, వాటితోపాటు సవర. తెలుగు లిపిలో ఆ భాషలకు వాచకాలు వచ్చాయి. ఒకటో తరగతి పిల్లవాడు తన భాషలో మొదలుపెట్టి, మెల్లగా తెలుగులోకి వస్తాడు. చెప్పడానికి ఆ గూడేల యువకులనే వాలంటీర్లుగా తీసుకున్నారు. సవర గూడేలున్న సీతంపేట ఏజెన్సీ 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. గిడుగు వారు సవర పాఠాలు నేర్చుకున్న పర్లాకిమిడి అక్కడికి కూతవేటు దూరం కాకపోయినా, ఒక పూట ప్రయాణం లోపలే.